పెద్ద ఫిడేలుకు ఒక టిక్కెట్టు

పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించేసి వచ్చి ఇలా నా పక్కన కూర్చోండి. ఇది దూరం దారి, మధ్యలో లేచి వెళితే ఎక్కడున్నామో తెలియదు. కువైట్‌లో సాల్మియా నుంచి బయలుదేరి, ఇరాక్ దాటి, జోర్డాన్ దాటి, బొంబాయిలో దిగి, రాజంపేట స్టేషన్లో బండి దిగేదాకా చెబుతాను. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది సంగతి ఇది. ఆ దారిన మనవాళ్ళు చాలామందే ఇళ్ళకు చేరారు. ఆరడుగుల ఫిడేలును పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చింది మాత్రం నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నా పేరు ఓబులమ్మ. సాల్మియాలో ఒక కువైటీ ముసలావిడ ఇంట్లో వంట, శుభ్రం పనులు చేసేదాన్ని. అక్కడ పనివాళ్ళు ఇంటావిడను మామా అని పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. మామాకు భర్త లేడు. నాలుగు అంతస్తుల ఇల్లు, కింద తను ఉండేది, పై అంతస్తులు అద్దెకిచ్చేది.

మూడో అంతస్తులో నార్వే దేశపు మనిషి ఒకతను ఉండేవాడు. పేరు ఐనార్. ఏ గుమ్మంలోనైనా తల వంచి రావలసినంత పొడుగు. సముద్రం ఒడ్డు హోటల్లో సాయంత్రాలు జాజ్ అనే సంగీతం వాయించే ముగ్గురిలో అతనొకడు. అతని వాద్యం పేరు డబుల్ బేస్. నిలబెడితే నాకంటే పొడుగు, నడుము దగ్గర సన్నం, నాలుగు లావు తీగలు. నేను దాన్ని పెద్ద ఫిడేలు అన్నాను, ఆ పేరే నిలబడిపోయింది. గుడ్డ తొడుగు వేసి దాన్ని భుజాన మోసుకుని అతను మెట్లు దిగడం మొదటిసారి చూసినప్పుడు శవాన్ని తీసుకుపోతున్నాడనుకుని నేను తలుపు వేసుకున్నాను.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున ట్యాంకులు వచ్చాయి. కొన్నాళ్ళకే తెల్లవాళ్ళను వెతికి పట్టుకుని బాగ్దాద్ పంపుతున్నారని తెలిసింది. ఐనార్‌తో వాయించే మిగతా ఇద్దరూ ఫిలిప్పీన్స్ వాళ్ళు, తమ జనంతో కలిసి వెళ్ళిపోయారు. మామా ఐనార్‌ను మిద్దె మీద సామాన్ల గదిలో పెట్టి, తలుపుకు అడ్డంగా బియ్యం మూటలు పేర్పించింది. "నా ఇంట్లో ఉన్నవాణ్ణి నేను అప్పగించను. మా నాయన ఇంట్లో అలాంటి పని ఎవరూ చేయలేదు" అంది. ఆ మాట చెప్పి టీ తాగుతూ కూర్చుంది.

అతనికి అన్నం తీసుకువెళ్ళే పని నాది. అతనికి అరబ్బీ నాలుగు ముక్కలు వచ్చు, నాకు ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. చేతులతో, బొమ్మలతో మిగతాది పూడ్చుకున్నాం. మధ్యాహ్నం వీధిలో అలికిడి లేనప్పుడు వంటింట్లోకి దిగి వచ్చి, నేను చపాతీలు ఒత్తుతుంటే పక్కన కూర్చునేవాడు. బయటికి వినపడకుండా తీగల కింద తువ్వాలు దోపి, నా చపాతీ కర్ర కదలికకు తగ్గట్టు వేళ్ళు ఆడించేవాడు. అలా కూర్చున్నప్పుడే తన బతుకంతా చెప్పాడు.

వాళ్ళ దేశంలో బాగా పైన, సముద్రం మధ్య లంకలో పుట్టాడట. చలికాలంలో అక్కడ కొన్ని వారాలు పొద్దే పొడవదట.

"మరి అన్నం ఎప్పుడు తింటారు?" అని అడిగాను.

"ఆకలైనప్పుడు" అన్నాడు.

తండ్రిది చేపల పడవ. చిన్నప్పటి నుంచి ఇతనిది చేపలు కోసి ఎండబెట్టే పని. ఒకరోజు రేవులో ఆగిన ఓడలో విందు జరుగుతుంటే ఓడ గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. వీపుకు ఏదో అదురు తగిలింది. ఇంజను తిరుగుతోంది, ఓడ కదలబోతోంది అనుకుని వాళ్ళ నాన్నను పిలిచాడు. నాన్న చూసి, ఇంజను ఆపే ఉందన్నాడు. కిటికీలోంచి తొంగి చూస్తే లోపల ఒక లావుపాటి మనిషి ఈ వాద్యాన్ని వాటేసుకుని వాయిస్తున్నాడు. ఆ అదురు అతని వీపులో నుంచి మళ్ళీ పోలేదట. పెద్దయ్యాక పడవలో తన వాటా అమ్మి ఈ ఫిడేలు కొన్నాడు. తండ్రి ఏడాది పాటు మాట్లాడలేదు.

తరువాత పట్నానికి వెళ్ళి హోటళ్ళలో వాయించాడు. ఒక పాటగత్తెతో దేశాలు తిరిగాడు. రికార్డులకు వాయించాడు, వాటి వెనక అట్ట మీద చివరి వరుసలో అతని పేరు ఉంటుందట. పాటగత్తె వేరే బృందం కట్టుకుంది. అతనికి చిటికెన వేలు పట్టేసింది. మంచి చోట్లు పోయాయి. ఓడల్లో వాయించి, గల్ఫ్ హోటళ్ళకు వచ్చాడు.

"నీ పేరుతో రికార్డు లేదా?" అన్నాను.

"లేదు. పాటలో మిగతావాళ్ళు ఎటెటో తిరిగి వస్తుంటారు, నేను ఒకేచోట ఉండి వాళ్ళకు ఇల్లు చూపిస్తుంటాను. ఇల్లు చూపించేవాడి పేరు అట్ట మీద పెద్దగా వేయరు" అని నవ్వాడు.

సెప్టెంబరు వచ్చేసరికి మా వీధిలో సోదాలు మొదలయ్యాయి. ఐనార్ బియ్యం మూటల వెనక దాక్కోగలడు గానీ, ఆ ఫిడేలును ఎక్కడ దాచాలి? సైనికులు దాన్ని చూస్తే వాయించేవాడు ఎక్కడని అడుగుతారు. కోసి పొయ్యిలో పెడదామని ఒకరోజు అతనే కత్తి అడిగాడు. ఇచ్చాను. కాసేపటికి కత్తి తిరిగి తెచ్చి ఇచ్చి, పైకి వెళ్ళిపోయాడు.

అప్పుడు మామా తేల్చేసింది. "ఇండియా వాళ్ళకు జోర్డాన్‌లో అమ్మాన్ దాకా బస్సులు వెళ్తున్నాయి, అక్కడ నుంచి విమానం. ఓబులా, నువ్వు మీ ఊరికి వెళ్ళు. వెళ్తూ దీన్ని అమ్మాన్‌లో ఇతని స్నేహితుడికి అప్పజెప్పు."

ఆ స్నేహితుడి పేరు ఖలీల్. ఫిడేళ్ళు బాగుచేసే ముసలాయన. ఐనార్ ఆయన ఫోను నంబరు నా చీర కొంగు మూల మీద రాసి, మూడు సంగతులు చెప్పాడు. ఎండలో బస్సు పైన వేయకూడదు. ఎడారి గాలికి చెక్క ఎండి పగులుతుంది కాబట్టి, దాని పొట్ట మీద ఉన్న రెండు వంకర చిల్లుల్లో ఒకదానిలోంచి తడిగుడ్డ దారం కట్టి లోపలికి వేలాడదీయాలి. మూడోది, దాన్ని బోర్లించి ఊపకూడదు. లోపల తీగల బరువుకు చిన్న కట్టె ఒకటి నిలబడి ఉంటుంది. అది పడిపోతే గొంతు పోతుంది.

"విరగకుండా చేరుస్తాను" అన్నాను. అతను నా చేయి పట్టుకుని, తీగల్లో లావుదాన్ని బొటనవేలితో ఎలా మీటాలో చూపించాడు. ఎందుకు చూపించాడో నాకు అప్పుడు తెలియదు.

*

తెల్లవారి ఐదు గంటలకు బస్సు. జహ్రాలో ఒక ఇంట్లో డ్రైవరు పని చేసే రాయచోటి గంగిరెడ్డి కూడా అదే బస్సుకు వచ్చాడు. ఫిడేలు మోయడానికి అతన్ని పిలిచాను.

"ఏమ్మే ఓబులక్కా, పీనుగను తోలుకొస్తాండావా?"

"నోరు మూసుకోని ఆ పక్క పట్టుకో గంగన్నా."

డ్రైవరు అబూ సామీ జోర్డాన్ మనిషి. ఫిడేలును చూసి తల అడ్డంగా ఊపాడు. నేను బస్సు పైన వేయనంటే, సీట్లో పెట్టేదానికి మనిషి ఛార్జీ ఇమ్మన్నాడు. కూర్చునేది ఏదైనా తన లెక్కలో ఒక మనిషేనట. మామా ఇచ్చిన డబ్బులోంచి రెండు టిక్కెట్లు తీసుకున్నాను. వెనక నుంచి రెండో వరుసలో కిటికీ పక్కన దాన్ని నిలబెట్టి, నా చీరతో సీటుకు కట్టాను.

"టిక్కెట్టు కొన్న మనిసి కదా, బోజనం కూడా పెడతారేమో అడుగు" అన్నాడు గంగిరెడ్డి.

ముందు సీట్లో సత్యవతి కూర్చుంది. కోనసీమ మనిషి, ఒక ఆఫీసరు ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. సంపాదించినదంతా బంగారం చేయించుకుని ఒంటి మీదే పెట్టుకుంది. ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలని ఆమె కోరిక, ఆ ఇటుకలూ సిమెంటూ అన్నీ ఆమె మెడలోనూ చేతులకూ ఉన్నాయి.

ఏడు దాటాక జహ్రా వెనకబడింది. రోడ్డు పక్కన కాలిన కార్లు, ఇసకలో చెప్పులు. సత్యవతి ఇచ్చిన అటుకుల్లో పంచదార కలుపుకుని తిన్నాం. తొమ్మిదింటికి నేను సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపి ఫిడేలు చిల్లులోంచి లోపలికి దించాను. సత్యవతి వెనక్కి తిరిగి చూసింది.

"అదేంటక్కా, దానికి నీళ్ళు పోత్తన్నారా?"

"దాహం అయితాదంట."

కాసేపు ఆ చిల్లును చూస్తూ ఉండిపోయింది. ముందు వెళ్ళిన బస్సుల వాళ్ళ దగ్గర సఫ్వాన్ సరిహద్దులో బంగారం లాక్కున్నారని పొద్దుటి నుంచి బస్సులో అదే మాట.

"అక్కా, గుడ్డ ఎల్లిన చోట బంగారం ఎల్లదా ఏంటండీ?" అంది.

నాకు భయం వేసింది. అది నా సొత్తు కాదు. అయినా బస్సులో ఉన్న ఆడవాళ్ళ ముఖాలు చూశాక వద్దనలేకపోయాను. ఆడవాళ్ళం పది పన్నెండు మందిమి. పాత చీర చింపి, ఎవరి బంగారం వాళ్ళు చప్పుడు కాకుండా గట్టిగా మూట కట్టారు. తాళిబొట్లు కూడా తీయాల్సి వచ్చింది. సత్యవతి సంచిలో పసుపు కొమ్ములు ఉన్నాయి. బోసి మెడతో ఉండకూడదని అందరం పసుపు కొమ్ము దారానికి కట్టి మెడలో వేసుకున్నాం. నేనూ నా పుస్తె, దాని పక్క రెండు గుండ్లు విప్పి మూట కట్టాను. బావిలోకి చేద దించినట్టు ఒక్కో మూటను దారంతో లోపలికి దించి, దారం కొసలు తీగల కింద ఉన్న చెక్క కాళ్ళకు ముడివేశాం. లాగితే వచ్చేస్తాయి అనుకున్నాం.

సఫ్వాన్‌లో పది గంటలకు బస్సు ఆపారు. మగవాళ్ళను దించి జేబులు చూశారు. నెరిసిన మీసాల సైనికుడు ఒకడు లోపలికి ఎక్కి ఒక్కో సీటు చూస్తూ వస్తున్నాడు. ఫిడేలు తొడుగు తీయమంటే రంగురంగుల దారాలు కనిపిస్తాయని అప్పుడు తట్టింది. నేను ఏదో అనేలోపు సత్యవతి తొడుగులో చేయి పెట్టి, మూటల దారాలన్నీ పుటుక్కున తెంపి లోపలికి తోసేసింది.

సైనికుడు మా దగ్గరికి వచ్చి తుపాకీ కొసతో తొడుగు పక్కకు లాగాడు. ఏమిటిది అన్నాడు.

"ఊద్. పెద్ద ఊద్" అన్నాను. ఊద్ అంటే వాళ్ళ వీణ లాంటిది.

"వాయించు."

ఐనార్ చూపించినట్టు బొటనవేలితో లావు తీగ మీటాను. బస్సు రేకులన్నీ అదిరాయి. సైనికుడు తన గుండె మీద అరచేయి పెట్టుకుని, "ఇక్కడ తగులుతోంది. ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి మీటాను. లోపల నుంచి ఏ చప్పుడూ రాలేదు, గుడ్డ మూటలు కాబట్టి. అతను తనే ఒకసారి మీటి చూసుకుని, చిన్నపిల్లవాడిలా నవ్వి, యల్లా, ఇక పోండి అని దిగిపోయాడు.

బస్సు కదిలాక ఆడవాళ్ళందరం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. ముందుగా నవ్వు ఆపింది సత్యవతి.

"అక్కా, దారాలు తెంపేశానండీ" అంది.

చిల్లులోకి చూశాం. చీకటి. మూట కట్టి నిలువుగా దించినప్పుడు ఇరుకు చిల్లులోంచి వెళ్ళాయి గానీ, లోపల అడ్డం తిరిగి పడి ఉన్నాయి. చేయి పట్టదు. బోర్లించి ఊపుదామంటే కట్టె పడిపోతుంది.

*

బస్రాలో ఒంటిగంటకు రొట్టె, టమాటాలు దొరికాయి. రాత్రంతా ప్రయాణం. బాగ్దాద్‌లో పొద్దున్నే ఒక మసీదు పక్కన ముఖాలు కడుక్కుని టీ తాగాం. అక్కడ నుంచి పడమటి సరిహద్దుకు ఇంకో పగలంతా ఎడారి. దారిలో టీ కొట్టువాడు నన్ను అడిగాడు, ఆ తొడుగులో ఉన్నది మీ ఆయనా అని. మా ఆయన ఇంతకంటే పొట్టి అన్నాను.

సరిహద్దు దాటి జోర్డాన్ వైపు గుడారాల్లో పడ్డాం. ఎటు చూసినా మనుషులు. రోజుకు రెండుసార్లు నీళ్ళ ట్యాంకరు, ఒకసారి రొట్టెల లారీ. బస్సులు ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. నేను ముఖం కడుక్కున్న నీళ్ళు గిన్నెలో పట్టి, ఆ గుడ్డ తడిపేదాన్ని.

గంగిరెడ్డి చూసి ఊరుకోలేదు. "మనుసులకే గొంతులు ఎండిపోతాండాయి, నువ్వు కట్టెకు తాపుతాండావే."

"నా వాటా నేను తాపుతాండా. నీ గొంతుతో నాకేం పని?"

"అక్కా, నిజంగా చెప్తాండా. దాన్ని ఒక్క రాయితో కొడితే అందరి బంగారం బయటికొస్తాది. వానికి మల్ల ఇంకోటి దొరుకుతాది."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏమీ అనలేదు. అనకపోవడంలోనే నాకు అర్థమైంది. ఎవరి బంగారం వాళ్ళ కష్టం, ఎవరి ఫిడేలో వాళ్ళకెందుకు? నేను ఐనార్‌కు మాటిచ్చాను, వాళ్ళు ఇవ్వలేదు. సత్యవతి మాత్రం, "ఈ జనంలో పగలగొడితే బంగారం ఇసకపాలండీ. అమ్మాన్ దాకా ఆగండి. ఈలోగా ఎండి అదే పగిలితే మనకే నట్టం, తలా మూతెడు నీళ్ళు పోయండి" అంది. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఒక్కొక్కరు వచ్చి సీసా మూతతో నీళ్ళు గుడ్డ మీద పోసి వెళ్ళేవాళ్ళు. పోస్తూ గుడ్డను కాదు, చిల్లును చూసేవాళ్ళు.

అమ్మాన్ చేరిన రోజు మమ్మల్ని ఒక బడిలో దించారు. బొంబాయి విమానం సాయంత్రమే అన్నారు. అక్కడ అన్నం వడ్డిస్తున్న ఒకమ్మాయిని బతిమాలి, నా కొంగు మీద నంబరు చూపించి ఫోను చేయించాను. పన్నెండు గంటలకు ఖలీల్ వచ్చాడు. కళ్ళద్దాలు, కోటు. ఫిడేలును చూసి తొడుగు మీద నుంచే తడిమాడు. ఐనార్ బతికే ఉన్నాడా అని అడిగి, ఉన్నాడంటే కుర్చీలో కూర్చుండిపోయాడు.

బంగారం సంగతి చెప్పాను. ఆయన చిల్లులోకి టార్చి వేసి చూశాడు.

"పై చెక్క విప్పవచ్చు. జిగురు మెత్తబరచాలి, నెమ్మదిగా తీయాలి. రెండు రోజులు పడుతుంది" అన్నాడు.

"మాకు సాయంత్రం విమానం" అన్నాను.

గంగిరెడ్డి బయటికి వెళ్ళి రాయి పట్టుకుని వచ్చాడు. అతను చెడ్డవాడేమీ కాదు, అందరి తరపునా అతనొక్కడే ఆ పని చేయగలడని వచ్చాడు. సత్యవతి ముఖం పాలిపోయింది. "అక్కా, నాకు ఇల్లండీ అది" అంది.

నేను ఫిడేలు పక్కన నేల మీద చతికిలబడ్డాను. ఏడుపు రాలేదు. మా ఊరి బావి గుర్తుకొచ్చింది. తాడు తెగి చేద బావిలో పడితే బావిని పగలగొట్టం కదా.

"గంగన్నా, ఆ రాయి అవతల పెట్టి బయట బస్సోళ్ళను అడిగి ఇనుప తీగ తీసుకురా. సత్యవతీ, మీ తలల్లో ఉన్న పిన్నులన్నీ తీయండి."

ఊళ్ళల్లో పాతాళ గరిగె చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. చూడనివాళ్ళకు చెబుతాను: చుట్టూ కొక్కేలు ఉన్న ఇనుప గుత్తి. తాడు కట్టి బావిలోకి దించి అడుగున తిప్పితే, పడిన చేద ఏదో ఒక కొక్కేనికి తగులుకుని వస్తుంది. తలపిన్నులు వంచి తీగ కొసకు దారంతో కట్టి, వేలెడంత పాతాళ గరిగె చేశాను. ఖలీల్ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"నేల కింద నీళ్ళ తొట్టిలో బొక్కెన పడితే మా అమ్మ దీనితోనే తీసేది. మా ఊళ్ళో" అన్నాడు. చిన్నప్పుడు యుద్ధంలో వదిలి వచ్చిన ఊరట అది, మళ్ళీ చూడలేదట.

ఒక చిల్లులో ఆయన టార్చి పట్టుకుని, సత్యవతి పౌడరు డబ్బా అద్దాన్ని తిప్పుతూ దారి చెప్పాడు. ఇంకో చిల్లులోంచి నేను గరిగె దించాను. "కుడికి. ఆగు, ఆగు, కట్టె. వెనక్కి" అని ఆయన అరబ్బీలో, "తగులుకుందక్కా, లాగండి, మెల్లగండీ" అని సత్యవతి. మూట పైకి వచ్చి చిల్లు దగ్గర అడ్డం పడేది. సత్యవతి సన్నని వేళ్ళతో దాన్ని నిలువుగా తిప్పి బయటికి లాగేది. నాలుగో మూట వచ్చేసరికి వెనక నుంచి పందేలు మొదలయ్యాయి, తర్వాతిది ఎవరిదని. గంగిరెడ్డి చుట్టూ తిరుగుతూ, "పక్కకు జరగండి, గాలి రానీండి, అక్క చేపలు పడతాంది" అంటున్నాడు.

సత్యవతివి అన్నీ వచ్చాయి. అందరివీ వచ్చాయి. నాది చివర మిగిలింది. నాది లాగేటప్పుడు ముడి విడిపోయింది. పుస్తె కొక్కేనికి తగులుకుని వచ్చింది. రెండు గుండ్లు దొర్లుకుంటూ ఎక్కడో మూలకు పోయాయి. గుండ్రంగా ఉన్నదానికి కొక్కెం తగలదు. ఆ లోపు బయట బస్సు హారను, పేర్లు చదువుతున్నారు.

ఖలీల్ నా వైపు చూశాడు. "రెండు రోజులు ఉంటే తీసిస్తాను."

గంగిరెడ్డి మెల్లగా అన్నాడు, "ఒకసారి ఊపుదామా అక్కా, కొంచెం?"

"వద్దులే. ఉండనీ. కట్టె నిలబడే ఉందా చూడమను" అన్నాను.

ఖలీల్ టార్చి వేసి చూసి, నిలబడే ఉంది అన్నాడు. ఒక్క తీగ మీటాడు. అది అదిరింది. ఆ అదురు ఆగాక లోపల ఎక్కడో గజ్జె తగిలినంత చిన్న చప్పుడు. అవి నా గుండ్లు. సత్యవతి నా భుజం మీద తల పెట్టుకుని, నేను ఏడవనందుకు తను ఏడ్చింది.

*

విమానానికి డబ్బు అడగలేదు. అన్నం, పప్పు పెట్టారు. చాలా రోజుల తర్వాత పప్పు. బొంబాయిలో దిగాక స్టేషన్‌కు బస్సు పెట్టారు, రైలుకు ఉచిత టిక్కెట్టు కాగితం ఇచ్చారు. సత్యవతి వాళ్ళ బండి వేరే వైపు. ప్లాట్‌ఫారం మీద విడిపోయేటప్పుడు తన చేతి గాజు ఒకటి తీసి నాకు ఇవ్వబోయింది. ఇటుక తీస్తే గోడ పడిపోతుందిలే అని వెనక్కి తొడిగాను.

రాత్రి మద్రాసు బండి ఎక్కాను. గుంతకల్లులో ఎక్కిన ఒకావిడ నా మెడలో పసుపు కొమ్ము పక్కన పుస్తె వేలాడడం చూసి, ఇదేం కట్టుమ్మా అంది. చెబితే నందలూరు దాకా సరిపోయింది.

చీకటి పడే వేళకు రాజంపేట. మా ఆయన సుబ్బరాయుడు స్టేషన్లో ఉన్నాడు. ఏ బండికి వస్తానో తెలియక ప్రతి బండికీ వచ్చి చూసి పోతున్నాడట. నన్ను చూసి సంచి అందుకున్నాడు. మెడ వైపు చూశాడు.

"గుండ్లు యాడుమ్మే?"

నడుస్తూ అంతా చెప్పాను. బస్టాండు దగ్గర ఆగి నా వైపు తిరిగాడు.

"అంటే పగలగొట్టనీకుండా నువ్వే అడ్డం కూచున్యావు."

"నేనే."

"ఇంగేముంది. పుస్తె నాది, గుండ్లు వానివి. ఇద్దరు మొగుళ్ళు నీకు."

"నోరు మూసుకోని బస్సెక్కు" అన్నాను. అతను బస్సు ఎక్కి, ఊరు వచ్చేదాకా తనలో తను నవ్వుకుంటూనే ఉన్నాడు.

యుద్ధం అయిపోయి దారులు తెరిచాక మళ్ళీ మామా దగ్గరికే వెళ్ళాను. ఐనార్ సైనికులకు దొరకలేదట. చలికాలంలో తెల్లవాళ్ళను వదిలినప్పుడు మూటల వెనక నుంచి బయటికి వచ్చి, అమ్మాన్ వెళ్ళి ఫిడేలు తీసుకుని తన దేశం చేరాడట. కొన్నేళ్ళకు మామా పేరున ఒక క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద ఫిడేలును పట్టుకుని అతను, పైన పెద్ద అక్షరాల్లో పేరు. అతని పేరే. లోపల చీటీ ఉంటే మామా కూతురు చదివి చెప్పింది. ఖలీల్ గుండ్ల సంగతి చెప్పాడట. విప్పించి పంపమంటావా అని నన్ను అడిగాడు. నెమ్మదిగా వాయించినప్పుడు అవి కదులుతున్నాయి, తోటివాళ్ళు తీయించమంటున్నారు, కానీ అవి నీవి కాబట్టి నువ్వే చెప్పాలి అని రాశాడు.

వంటింట్లో మామా, నేను కూర్చుని క్యాసెట్టు విన్నాం. చపాతీ కర్ర కదిలినట్టే నడిచే పాట ఒకటి ఉంది. ఆ పాట చివర అదురు ఆగాక, గజ్జె తగిలినట్టు చిన్న చప్పుడు.

"అదేనా?" అంది మామా.

"అదే."

విప్పవద్దని రాయించాను. పగలనివ్వకుండా అన్ని దేశాలు మోసుకొచ్చినదాన్ని, నా కోసమే విప్పించమని అడగడం నాకు బాగోలేదు. ఆ తర్వాత అతను వెళ్ళిన ఊళ్ళ నుంచి కార్డులు పంపేవాడు, మంచు కొండలవి, వంతెనలవి. మా ఆయన నాకు కొత్త గుండ్లు చేయించాడు. పాతవి నేను చూడని దేశాలు చూస్తూ తిరుగుతున్నాయి.

ఇదీ నేను వచ్చిన దారి. ఇక లేవండి, పొయ్యి దగ్గర పని ఉంటుంది. మీ ఇంట్లో దీపం పెట్టిన చోట చీకటి రాకూడదు, మీ ఇంటినుంచి దూరం వెళ్ళినవాళ్ళు చెప్పిన బండికే దిగాలి, మీ బావిలోకి దించిన చేద ప్రతిసారీ నిండుగా పైకి రావాలి.